చెప్పి ఎక్కించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీరు వేసిన వేసవి సెలవుల పేజీ గురించి ఈ ఉత్తరం. హైదరాబాద్, బెంగళూరు, ముంబయి దగ్గరి పార్కులు, దుబాయ్, సింగపూర్ ప్యాకేజీలు, పేజీ మధ్యలో రోలర్ కోస్టర్ మీద చేతులెత్తి కేకలు పెడుతున్న ఒక కుటుంబం ఫొటో, చూడ్డానికి అన్నీ బాగున్నాయి. టికెట్ ధర రాశారు, దూరం రాశారు, ఎక్కడ దిగాలో కూడా రాశారు. ఆ రైలు ఎక్కాక ఏం జరుగుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఎంత ఎత్తున్న పిల్లల్ని ఎక్కనిస్తారో లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చని ఫొటో కింద ఒక లైను ఉంది, అంతే. ఆ ఒక్క లైను పట్టుకుని విజయవాడ నుంచి, గుంటూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లి, గంటసేపు క్యూలో నిలబడి, తీరా గేటు దగ్గర పిల్ల కాళ్లు చుట్టుకుని ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక దిక్కులు చూసే తల్లిదండ్రుల్ని నేను ఏటా చూస్తున్నాను. అందుకే రాయాలనిపించింది.

నేను గుంటూరులో ఫిజికల్ సైన్స్ టీచర్ని. స్కూలు ఎక్స్‌కర్షన్‌కి పిల్లల వెంట వెళ్తాను, సెలవుల్లో మా ఇంట్లోవాళ్లతో వెళ్తాను. ఎక్కడికి వెళ్లినా నా కంటికి ఒకటే కనబడుతుంది. లోపల ఏముందో ముందే తెలిసి ఎక్కిన పిల్లలు భయపడినా దిగాక దాని గురించే కబుర్లు చెబుతుంటారు. ‘ఏమీ ఉండదు రా, బొమ్మ రైలే’ అని బుజ్జగించి ఎక్కించిన పిల్లలు దిగాక మనతో మాట్లాడరు. వాళ్లకి భయం వేసింది రైలు వల్ల అయితే, కోపం వచ్చేది మాత్రం మన మీద.

మనవాళ్లకి ఇవేమైనా కొత్తా అని ఎవరైనా అడగొచ్చు. కోటప్పకొండ తిరునాళ్లలో జెయింట్ వీలు, రంగులరాట్నం, సెలవుల్లో ఊళ్లోకి వచ్చే ఎగ్జిబిషన్లలో కొలంబస్, బ్రేక్ డాన్స్, డ్రాగన్ రైలు, ఇవన్నీ ఎక్కి పెరిగినవాళ్లమే. కానీ ఒక తేడా ఉంది, నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడా గురించే. ఎగ్జిబిషన్లో రైడ్ మొత్తం కళ్లెదుట ఉంటుంది. పిల్లాడు కింద నిలబడి ఎంత పైకి వెళ్తోంది, ఎంతసేపు తిప్పుతున్నారు, దిగినవాళ్ల మొహాలు ఎలా ఉన్నాయి అని కాసేపు చూసుకుని, ఎక్కుతానో వద్దో వాడే తేల్చుకుంటాడు. థీమ్ పార్కులో ఫ్యామిలీ కోస్టర్ని, అంటే చిన్నా పెద్దా కలిసి ఎక్కే రోలర్ కోస్టర్ రైలుని, చాలాచోట్ల పనిగట్టుకుని దాచేస్తారు. పట్టాల్లో సగం ఒక సిమెంటు కొండ లోపల ఉంటాయి, లేకపోతే మొత్తం ఒక పెద్ద షెడ్డులో చీకట్లో ఉంటాయి. బయటికి కనబడేది ఒక గని ముఖద్వారమో, పాతకాలపు రైల్వే స్టేషనో, డ్రాగన్ తలో. తర్వాతి మలుపు ఎటో తెలియకపోవడమే అక్కడి సరదా, పెద్దవాళ్లకి అది నిజంగా సరదానే. అయిదేళ్ల పిల్లకి మాత్రం చూసి తేల్చుకునే దారి మూసుకుపోయింది. కళ్లతో చూడలేనిదాన్ని మనం మాటల్లో చూపించాలి.

ఇలా దాచడం ఎప్పటినుంచో ఉన్నదే. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1959లో మాటర్‌హార్న్ అనే కొండ కట్టి అందులో కోస్టర్ నడిపారు, ఉక్కు గొట్టాలతో పట్టాలు వేసిన మొదటి కోస్టర్‌గా దానికి పేరుంది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచొచ్చు కాబట్టి కొండ కడుపులో కొద్దిపాటి జాగాలోనే మెలికలు తిప్పడం కుదిరింది. 1979లో అక్కడే బిగ్ థండర్ మౌంటెన్ వచ్చింది, అదుపు తప్పి పరిగెత్తే గని రైలు కథ దానిది. ఆ గని రైలు కథే తర్వాత దేశదేశాల పార్కుల్లో రకరకాలుగా కనిపిస్తుంది. హాంకాంగ్ డిస్నీలాండ్‌లో 2012లో మొదలైన దాంట్లో ఎలుగుబంట్లు ఉంటాయి, మన దేశంలో మహారాష్ట్ర ఖోపోలీ దగ్గరి ఇమాజికా పార్కులో గోల్డ్ రష్ ఎక్స్‌ప్రెస్ ఉంది. బొమ్మలు మారతాయి, రైలు లోపలి వరస మాత్రం చాలావరకు ఒకటే. కాబట్టి ఏ పార్కుకి వెళ్లినా పిల్లలకి ముందే చెప్పుకోవడం కష్టమేమీ కాదు.

కథ క్యూలోనే మొదలవుతుంది. లాంతర్లు, పగిలిన చెక్కపెట్టెలు, ఎక్కడో పేలుడు చప్పుడు, గుహలా ఇరుకైన దారి, ఇవన్నీ లైన్లో విసుగు పుట్టకుండా పెట్టినవి. లైను ముందుకి జరిగే కొద్దీ వెలుతురు తగ్గుతుంది, పైనుంచి జనం కేకలు వినిపిస్తుంటాయి, చాలామంది పిల్లలు రైలు మొహం చూడకముందే ఇక్కడే సగం బెదిరిపోతారు. ఆ కేకలు సరదాకి వేస్తున్నవని, మనం కూడా కావాలంటే అలాగే అరవొచ్చని అప్పుడే చెప్పాలి. అరవడం మంచిది కూడా, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లకే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

ప్లాట్‌ఫాం మీద మన వరస గేటు తెరుచుకుంటుంది, ముందువాళ్లు అవతలి పక్కకి దిగిపోతారు, మనం ఇటునుంచి ఎక్కి కూర్చుంటే తొడల మీదికి ఒక బార్ వస్తుంది. స్టాఫ్ వచ్చి దాన్ని గట్టిగా లాగి చూస్తారు. ‘అది ఊడిపోతుందా టీచర్, అందుకే చూస్తున్నారా?’ అని ఒక పిల్లాడు నన్ను అడిగాడు, వాడు అడిగాడు కాబట్టి సరిపోయింది, అడగకుండా ఆ అనుమానంతోనే కొండెక్కేవాళ్లు ఎంతమందో. ప్రతి ట్రిప్పుకీ ప్రతి సీటూ అలా లాగి చూడటం వాళ్ల డ్యూటీ అని చెబితే చాలు. ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఉన్న బళ్లలో ఇంకో సంగతి ఉంది. ఆ బార్ పెద్దవాళ్ల తొడల దగ్గరే ఆగిపోతుంది, పక్కనున్న చిన్నపిల్లకి దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. అది చూసి పిల్ల కంగారుపడుతుంది, రైలు కిందికి దిగేటప్పుడు సీటు మీద నుంచి లేచినట్టు కూడా ఎక్కువగా అనిపిస్తుంది. ఆ ఖాళీ సంగతి స్టాఫ్‌కి చూపించి అడగండి, వాళ్లు ఎటు కూర్చోమంటే అటు కూర్చోండి, పిల్ల రెండు చేతులూ బార్ మీదే ఉండేలా చూడండి.

రైలు కదిలి నెమ్మదిగా పైకెక్కుతుంటే అడుగునుంచి టిక్ టిక్ టిక్ అని గట్టిగా చప్పుడు వస్తుంది. పిల్లలకి ఎక్కువ టెన్షన్ పుట్టించేది ఇదే, ఏదో విరుగుతోందని అనుకుంటారు. నిజానికి మనల్ని కాపాడే చప్పుడు అది. రైలు అడుగున ఒక ఇనప నాలుక ఉంటుంది, పట్టాల మధ్య రంపంలా పళ్లున్న పట్టీ ఉంటుంది, రైలు ఎక్కుతున్నప్పుడు ఆ నాలుక ఒక్కో పన్నూ దాటి పడుతున్న చప్పుడే మనకి వినిపించేది. పైకి లాగే గొలుసు తెగినా, కరెంటు పోయినా ఆ నాలుక పన్నుకి తట్టుకుని ఆగుతుంది, రైలు వెనక్కి జారదు. నేను క్లాసులో ఇది బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ బొమ్మ చూసిన పిల్లలు రైల్లో ఆ చప్పుడు వినగానే ‘టీచర్, నాలుక పడుతోంది’ అని వెనక్కి తిరిగి అరుస్తారు. కొన్ని కొత్తవాటిలో గొలుసు బదులు టైర్లు తోస్తాయి, వాటిలో ఈ చప్పుడు ఉండకపోవచ్చు.

శిఖరం దాటాక ఇక రైలుని ఏదీ లాగదు. ఇంజన్ లేదు. పైకెక్కినప్పుడు వచ్చిన స్థితిశక్తి దిగేటప్పుడు గతిజశక్తి అవుతుంది, తొమ్మిదో తరగతి పాఠమే. రాపిడికీ గాలికీ కొంత పోతుంది కాబట్టి తర్వాతి గుట్టలు మొదటిదాని ఎత్తుకి రాలేవు. పిల్లకి చెప్పాల్సింది ఇందులో ఒక్కటే, అన్నిటికంటే ఎత్తు మొదట్లోనే, అక్కడి నుంచి దిగాక మిగతావి చిన్నవని. అయితే ఇది ఒకే గొలుసు ఉన్న రైళ్లకి. బిగ్ థండర్ లాంటి వాటిలో మధ్యమధ్య మళ్లీ పైకి లాగుతారు, దానికి మూడు చోట్ల గొలుసు ఉంది. అలాంటప్పుడు టిక్ టిక్ మళ్లీ వినిపిస్తే మళ్లీ దిగుడు ఉందని చెప్పాలి, ‘అయిపోయిందిలే’ అన్నాక ఇంకో దిగుడు వస్తే పిల్లకి మన మాట మీద నమ్మకం పోతుంది.

దిగేటప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉంటుందే, దాని గురించి కూడా దాచొద్దు. ఆర్టీసీ బస్సు చివరి సీట్లో కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు క్షణకాలం అనిపించేది అదే, ఇక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది. సీటూ మనమూ ఒకే వేగంతో కిందికి పడుతుంటే సీటు మనల్ని పైకి నెట్టడం తగ్గిపోతుంది, లోపలి అవయవాలు కూడా మామూలుగా ఉండే ఒత్తిడి తగ్గి తేలికపడతాయి. ప్రమాదమేమీ లేదు, రెండు సెకన్లలో పోతుంది. రైలు పట్టాల మీద నుంచి ఎగిరిపోతుందేమోనన్న భయానికి జవాబు చక్రాల్లో ఉంది. పైన నడిచే చక్రాలు ఒక జత, పక్కన పట్టుకునేవి ఒక జత, పట్టా అడుగున ఇంకో జత. అడుగు చక్రాల ఏర్పాటుకి జాన్ మిల్లర్ అనే అమెరికా డిజైనర్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు, వందేళ్లు దాటింది, ఇప్పటికీ పెద్ద కోస్టర్లన్నీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. పట్టాని మూడు వైపులా పట్టుకున్న బండి పైకి లేవదని ఆరో తరగతి పిల్లలకి కూడా అర్థమవుతుంది.

వేగం గురించి మాత్రం మనవాళ్లు అనవసరంగా హడలిపోతారు. అబుదాబి ఫెరారీ వరల్డ్‌లో 2010లో మొదలైన ఫార్ములా రోసా అనే కోస్టర్ గంటకి 240 కిలోమీటర్లు వెళ్తుంది, దాని ముందు వరసలో కూర్చునేవాళ్లకి కళ్లద్దాలు ఇస్తారు, అది వేరే లోకం. ఫ్యామిలీ కోస్టర్లు చాలావరకు గంటకి 40 నుంచి 60 కిలోమీటర్ల మధ్య వెళ్తాయి. తలకిందులు చెయ్యవు. ఒకటిన్నర నిమిషమో, మహా అయితే మూడు మూడున్నర నిమిషాలో, అంతే. గుంటూరు విజయవాడ హైవే మీద బైకులు ఇంతకంటే జోరుగా పోతుంటాయి.

మరి అంత భయం ఎక్కడినుంచి వస్తుంది? చీకటి నుంచి. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో 1975లో మొదలైన స్పేస్ మౌంటెన్ అనే కోస్టర్ గంటకి 45 కిలోమీటర్లకి అటూ ఇటూగా వెళ్తుంది, కానీ లోపలంతా చీకటి, నక్షత్రాల్లాంటి లైట్లు తప్ప ఏమీ కనబడవు, దిగినవాళ్లలో చాలామంది అది వందకి పైనే వెళ్లిందని ఒట్టేసి చెబుతారు. మలుపు కనబడితే మెడ, నడుము ముందే సర్దుకుంటాయి. కనబడనప్పుడు ఒక్కసారి కుదుపు తగులుతుంది. అదే ఫ్లోరిడాలో 2006లో వచ్చిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌లో ముందుకి వెళ్తున్న రైలు, పట్టాలు విరిగిపోయి ఉన్న చోటు దాకా వెళ్లి ఆగి, అక్కడి నుంచి చీకట్లో వెనక్కి పరిగెడుతుంది. విరిగిన పట్టాలు కథలో భాగం. ఆ సంగతి తెలియని పిల్లకి ఆ పది సెకన్లు నిజంగానే ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తుంది. హఠాత్తుగా లేచే బొమ్మ, మొహం మీదికి పొగ, నీటి తుంపర, పెద్ద గర్జన, నేను చూసినంతలో పిల్లలు దిగుడు కంటే వీటికే ఎక్కువ ఏడుస్తారు. అయినా తల్లిదండ్రులు చెప్పేటప్పుడు ఎత్తు గురించే చెబుతారు, వీటి గురించి చెప్పరు.

పిల్లలు అడిగే ప్రశ్న కూడా ఎత్తు గురించి ఉండదు. మా స్కూల్లో ఒక ఆరో తరగతి అమ్మాయి, బాగా బెరుకు, బస్సులో నా పక్క సీట్లో కూర్చుని అడిగింది: ‘టీచర్, చీకట్లో ఎంతసేపు ఉంటాం?’ నేను ఫోన్లో ఆ రైడ్ వీడియో పెట్టి, ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. సొరంగం పన్నెండు అంకెలు. ‘పన్నెండేనా?’ అంది. మర్నాడు రైల్లో సొరంగం రాగానే ఒకటి, రెండు, మూడు అని గట్టిగా అరుస్తూ లెక్కపెట్టింది, పక్కనున్న పిల్లలు కూడా అందుకున్నారు. ఇందులో నా గొప్పేమీ లేదు, ఏ తల్లయినా చెయ్యగలిగిన పని. పెద్ద పార్కుల రైడ్లన్నిటికీ ముందు సీట్లో కూర్చుని తీసిన వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒకసారి పిల్లతో కలిసి చూడండి, మధ్యలో ఆపి ఇక్కడ చీకటి, ఇక్కడ బొమ్మ లేస్తుంది అని చూపించండి. సరదా పోతుందని కొందరు అంటారు. పెద్దవాళ్ల సరదా కొంత పోవచ్చు. పిల్లకి అసలు ఎక్కగలగడమే పెద్ద సంగతి.

సీటు విషయం. మొదటిసారి అయితే మధ్య పెట్టెలు మంచివి. ముందు పెట్టె నుంచి అంతా కనబడుతుంది, శిఖరం మీద నెమ్మదిగా దాటుతుంది, కానీ కిందికి చూస్తూ ఒక క్షణం వేలాడినట్టు ఉంటుంది. చివరి పెట్టె శిఖరానికి వచ్చేసరికి ముందు పెట్టెలు అప్పటికే దిగుతూ దాన్ని లాగేస్తుంటాయి కాబట్టి అక్కడ కడుపులో జారడం ఎక్కువ. వెనక సీట్లో భయం తక్కువ ఉంటుందనుకుని చిన్నపిల్లల్ని అక్కడే కూర్చోబెడుతుంటారు చాలామంది, అది సరికాదు. కళ్లు మూసుకోమని కూడా చెప్పకండి. కళ్లు మూసుకుంటే తర్వాతి మలుపు తెలియక కుదుపు ఎక్కువగా తగులుతుంది. రైలు వెళ్లే వైపు చూస్తూ, వీపూ తలా వెనక్కి ఆనించి, కాళ్లు నేలకి తన్నిపెట్టి కూర్చోమనండి. బిర్యానీ తిని వెంటనే ఎక్కొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా మధ్యాహ్నం రెండింటికి కోస్టర్ క్యూలో చూస్తే అందరూ అప్పుడే తిని వచ్చినవాళ్లే.

చివర్లో బ్రేకులు పడ్డప్పుడు ముందుకి ఒక తూలు ఉంటుంది, అదీ చెప్పండి. ఒక్కోసారి స్టేషన్‌కి ముందే, లేదా ఎక్కుడు మధ్యలో రైలు ఆగిపోతుంది. పట్టాల్ని భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక రైలు ఉండగా ఇంకో రైలు అందులోకి రాకుండా చూసే ఏర్పాటు ఉంటుంది. ముందు రైలు దిగడం ఆలస్యమైతే వెనక రైలు ఆగుతుంది. అలా ఆగితే కూర్చునే ఉండాలి, బార్ కిందనుంచి జారి దిగే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు, స్టాఫ్ వచ్చేదాకా కదలకూడదు.

ఇప్పుడు ఎత్తు సంగతి, మీ పత్రిక తప్పకుండా వెయ్యాల్సింది ఇదే. కాలిఫోర్నియా బిగ్ థండర్‌కి 102 సెంటీమీటర్లు, అంటే 3 అడుగుల 4 అంగుళాలు ఉండాలి. స్పేస్ మౌంటెన్, ఎవరెస్ట్ లాంటివాటికి ఫ్లోరిడాలో 112, అంటే 3 అడుగుల 8 అంగుళాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో నాలుగేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు సుమారు 103 సెంటీమీటర్లు, అయిదేళ్లకి 110. అంటే నాలుగేళ్ల పిల్లలు మొదటి గీత దగ్గరే అటో ఇటో ఉంటారు, అయిదేళ్లవాళ్లలో సగానికి పైగా రెండో గీత అందుకోరు. ఈ లెక్క తెలిస్తే ఎవరైనా బయల్దేరేముందే ఇంట్లో గోడకి నిలబెట్టి, చెప్పులు లేకుండా కొలుస్తారు, అప్పుడే పిల్లతో నువ్వు ఫలానా రైలు ఎక్కొచ్చు, ఫలానాది వచ్చే ఏడాది అని చెబుతారు. మన దగ్గర జరుగుతున్నది ఏమిటంటే, ఆ కొలకర్ర గేటు దగ్గర చూసి, మడమలెత్తి నిలబడమని పిల్లకి సైగ చెయ్యడం, బూట్లలో ఏదైనా పెట్టడం, స్టాఫ్‌తో ‘ఒక్క అంగుళమే కదండీ’ అని వాదించడం. బార్‌ని, సీటుని ఆ ఎత్తుకి తగ్గని ఒంటిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. ధైర్యానికి పరీక్ష పెట్టిన కర్ర అనుకుంటున్నారు మనవాళ్లు, పిల్లాడికి ధైర్యం ఎంత ఉన్నా బార్ కింద ఖాళీ తగ్గదు. దయచేసి గేటు దగ్గర కొలిచే ఆ అమ్మాయిలతో, అబ్బాయిలతో వాదించకండి. వాళ్లు మీ పిల్లని కాపాడుతున్నారు.

పెద్దవాళ్ల విషయంలో దీనికి ఉల్టా జరుగుతుంది. అమ్మమ్మని, నానమ్మని ‘నీకెందుకులే’ అని బ్యాగులు కాపలాకి కూర్చోబెట్టేస్తారు. గుండె జబ్బు, బీపీ, మెడనొప్పి, నడుంనొప్పి, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు, అందులో మొహమాటం ఉండకూడదు. ఇవేవీ లేని అరవై ఏళ్ల మనిషి ఫ్యామిలీ కోస్టర్ ఎక్కడానికి అడ్డేమీ లేదు. ఆవిడకి కూడా ఆ వరసంతా చెప్పి, మధ్య పెట్టెలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. వద్దంటే మానేస్తారు. అడగను కూడా అడగకపోవడం మాత్రం అన్యాయం.

చీర కొంగు నడుముకి బిగించి దోపుకోవాలి, చున్నీ తీసి బ్యాగులో పెట్టాలి, జడ ముడి వేసుకోవాలి. గో కార్టుల్లో జుట్టు, చున్నీ చక్రానికి చుట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు పేపర్లలో చదివాం. కోస్టర్ సీట్లో చక్రాలు అంత దగ్గరగా ఉండవు కానీ ఎగిరిన చున్నీ వెనకవాళ్ల మొహానికి పడినా ప్రమాదమే. ఫోన్ చేత్తో పట్టుకుని వీడియో తీసేవాళ్లకి ఒక మాట, అది జారితే వెనక పెట్టెలో పిల్లకి తగులుతుంది. చెప్పులు, కళ్లజోడు సంగతి స్టాఫ్ ఎలా చెబితే అలా చెయ్యండి.

ఇది పూర్తిగా సేఫేనా అని నన్ను అడుగుతారు. ప్రమాదాలు జరగవని నేను చెప్పను. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ ఒకటి విరిగిపడి ఇద్దరు చనిపోయారు. అందుకే ఎక్కేముందు కళ్లు తెరిచి చూడండి. ప్రతి సీటు బార్ లాగి చూస్తున్నారా, చూడకుండానే బటన్ నొక్కుతున్నారా? బార్ దగ్గర తాడు కట్టి ఉందా? పట్టీ తెగి ఉందా? అలాంటివి కనబడితే టికెట్ డబ్బులు పోయినా సరే వెనక్కి వచ్చెయ్యండి. పార్కయినా, ఊళ్లో ఎగ్జిబిషనయినా ఇంతే.

ఇక నాకు బాగా బాధ కలిగించే సంగతి. పిల్ల ప్లాట్‌ఫాం దాకా వచ్చి వద్దంటుంది. అప్పుడు వెనక్కి వెళ్లే దారి ఉంటుంది, స్టాఫ్‌ని అడిగితే చూపిస్తారు, విదేశీ పార్కులు కొన్నిటిలో ఒకరు పిల్లతో ఆగి, రెండోవాళ్లు ఎక్కి వచ్చాక మళ్లీ పెద్ద క్యూ లేకుండా మారే పద్ధతి కూడా ఉంది. మనవాళ్లు మాత్రం ‘ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పెట్టి’ అని మొదలుపెడతారు. మగపిల్లాడైతే మరీ ఘోరం. ‘మగపిల్లాడివి ఏడుస్తావా, చెల్లి చూడు ఎలా ఎక్కిందో’ అని నలుగురిలో అంటారు. ఏడుస్తున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని లాగి బార్ కింద కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. దిగాక వాడు బయట పిల్లల రంగులరాట్నం కూడా ఎక్కలేదు. సాయంత్రం దాకా ఆ తల్లిదండ్రులు వాణ్ణి ఆటపట్టిస్తూనే ఉన్నారు, బయటి కౌంటర్లో వాడు ఏడుస్తున్న ఫొటో కొని బంధువుల గ్రూపులో పెట్టారు. ఆ పిల్లాడికి ఏడేళ్లు ఉంటాయేమో. వద్దన్న పిల్లని వద్దనే వదిలెయ్యాలి, దాని గురించి ఇంటికొచ్చాక కూడా ఎత్తకూడదు. వచ్చే ఏడాది వాళ్లే అడుగుతారు, అడక్కపోయినా కొంపలేమీ మునగవు.

మన రాష్ట్రాల్లో పార్కులు నడిపేవాళ్లకి నాదొక విన్నపం. ప్రతి రైడ్ దగ్గరా బోర్డు తెలుగులో పెట్టండి, అది క్యూ చివర కాకుండా మొదట్లో పెట్టండి. కొలకర్ర కూడా అక్కడే ఉండాలి. గంట నిలబడ్డాక కొలిచి పంపించేస్తే ఆ పిల్ల ఏడవక ఏం చేస్తుంది? ఆ బోర్డు మీద లోపల చీకటి ఉందా, రైలు వెనక్కి వెళ్తుందా, హఠాత్తుగా చప్పుళ్లు ఉన్నాయా, మొత్తం ఎంతసేపు అన్నవి రాయండి. ఇంగ్లీషులో సన్న అక్షరాల బోర్డులు చదివే ఓపిక పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లికి ఉండదు, మా స్కూలు పిల్లల తల్లుల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు రాదు కూడా.

మీకు కూడా, ఎడిటర్ గారూ. వేసవి అయిపోయేదాకా సెలవుల పేజీ వస్తూనే ఉంటుంది కదా. రైడ్ పేరు పక్కన ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని నిమిషాలు, చీకటి ఉందా లేదా, ఎవరు ఎక్కకూడదు అని వెయ్యండి. ఫొటో కింద రెండు లైన్లలో పట్టే సంగతి. వచ్చే ఆదివారం పేజీ నుంచే మొదలుపెడితే, స్కూళ్లు తెరిచేలోపు బయల్దేరే కుటుంబాలకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు